ఇరుకు బూట్ల గురించి ఒక పోస్టు

ముప్పై నాలుగేళ్ళు నేను చెప్పుల దుకాణంలో పనిచేశాను. సేల్స్‌మన్‌గా చేరి మూడు బ్రాంచీలకు మేనేజరుగా రిటైరయ్యాను. అందులో ముప్పై మూడేళ్ళ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున షట్టరు ఎత్తడం, పెట్టెలు దించడం, వచ్చినవాళ్ళ ముందు మోకాలి మీద కూర్చుని బూటు తొడగడం, వాళ్ళు వెళ్ళాక పెట్టెలు మళ్ళీ పైకెక్కించడం. చివరి ఏడాది మాత్రం వేరు. ఇప్పుడు దుకాణాల్లో చేరుతున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు, ఆన్‌లైన్ వచ్చాక ఇక మన పని ఏముంది అంకుల్ అని దిగాలుగా అడుగుతుంటారు. వాళ్ళకి నిలబడి చెబితే గంట పడుతుంది, మధ్యలో బస్సొస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా పెద్ద షాపు మిర్యాలగూడలో. తరవాత కోదాడలో ఒకటి, సూర్యాపేటలో ఒకటి తెరిచారు. బడులు తెరిచే రోజుల్లో నల్ల బూట్లు, పెళ్ళిళ్ళ కాలంలో మెరుపు చెప్పులు, మిగతా ఏడాదంతా అందరికీ కావలసిన మామూలు చెప్పులు. ఒక మూల అరలో సేఫ్టీ బూట్లుండేవి. రైసు మిల్లుల వాళ్ళు, కట్టుబడి పనివాళ్ళు కొనేవారు. ముందు భాగంలో వేళ్ళ మీద ఇనుప రేకు ఉండే బరువైన బూట్లవి. వాటిని మేము పెద్దగా పట్టించుకోలేదు.

ఒకరోజు మా యజమాని, మేమంతా సేటు అని పిలిచేవాళ్ళం, నన్ను పక్కకు పిలిచాడు.

"సూర్యాపేట షాపు బంద్ చేద్దామనుకుంటున్న," అన్నాడు.

"ఎందుకు సేటు?"

"సూస్తలేవా? వస్తున్నరు, కాలికి ఏస్కుంటున్నరు, సైజు తెలుసుకుంటున్నరు, బయటికి పోయి ఫోన్ల కొంటున్నరు. మనం సైజులు చెప్పెటోళ్ళం అయినం."

ఆ మాట నిజమే. అద్దం ముందు నడిచి చూసుకుని, పెట్టె మీది నంబరు ఫొటో తీసుకుని వెళ్ళేవాళ్ళని నేనూ చూశాను. కానీ సూర్యాపేట షాపులో ఆరుగురు పనిచేస్తున్నారు. ఆరుగురినీ తీసుకున్నది నేనే. వాళ్ళకి పని నేర్పింది నేనే. కొంచెం గడువివ్వమని బతిమాలాను.

"దసరా దాకా సూస్త," అన్నాడు సేటు. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు, "హైదరాబాద్‌ల మీటింగ్‌కు పోతే ఒకాయన చెప్పిండు. ఉద్యోగస్తులు ఉండే నెట్‌వర్క్ ఒకటుందట. అండ్ల అందరు ఆఫీసర్లు, మేనేజర్లేనట. కంపెనీలకు కంపెనీలే ఆర్డర్లిస్తయట. నువ్వు మన షాపును అండ్ల పెట్టు," అన్నాడు.

ఫోనులో నాకు తెలిసింది మాట్లాడటం, వాట్సాప్‌లో వచ్చిన శుభోదయాలకు శుభోదయాలు పంపడం. కాబట్టి బిల్లింగ్ కౌంటరులో కూర్చునే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. అమ్మాయి అంటున్నాను గానీ, ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. బీకాం చదివింది. రోజూ నేరేడుచర్ల నుంచి బస్సులో వచ్చిపోయేది. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఆ నెట్‌వర్క్‌లో ఖాతా తెరిచిందట. నాకూ ఒకటి తెరవడం మొదలుపెట్టింది.

"సార్, మీ హోదా ఏమని రాయాలె?"

చుట్టాలెవరైనా అడిగితే నేను 'బిజినెస్ లైన్‌లో ఉన్నా' అని చెప్పేవాణ్ణి. చెప్పులు తొడుగుతానని ఎప్పుడూ చెప్పలేదు. "బిజినెస్ హెడ్ అని రాయమ్మా," అన్నాను.

"చెప్పులకు హెడ్డేంది సార్?" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే అదే రాసింది.

ఆ నెట్‌వర్క్‌లో అందరూ కోటు వేసుకుని ఉన్నారు. స్టూడియోకి వెళ్ళి, అక్కడ కొక్కేనికి వేలాడే కోటు తొడుక్కుని ఫొటో దిగాను. చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. ఫొటో చూసి మా ఆవిడ, "ఎవరి పెండ్లికి పోయినవ్?" అంది.

తరవాత రెండు నెలలు నేను చేసినవన్నీ తప్పులే. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని ఎర్రటి పోస్టర్లు పెట్టాను. పండుగ శుభాకాంక్షలు పెట్టాను. నాకు తెలియని వందలమందికి ఒకే సందేశం పంపాను, ఆడామగా చూడకుండా అందరికీ 'డియర్ సర్' అని. ఒక పెద్దాయన జవాబిచ్చాడు. తన కాళ్ళకి ఇప్పటికే చెప్పులున్నాయనీ, ఇలా ఇళ్ళిళ్ళూ తిరిగినట్టు తిరగొద్దనీ. ఇంకొక కంపెనీవాళ్ళు నేను ఉద్యోగం వెతుక్కుంటున్నానని అనుకుని, చిన్నవయసువాళ్ళు చేయవలసిన పని ఒకటి చూపించి, ఎప్పుడు చేరతారని అడిగారు. ఆ వారం నేను సేటుకు చెప్పగలిగిన గొప్ప వార్త అదే, కాబట్టి చెప్పలేదు.

"ఏమైంది? ఎవలన్న సూస్తున్నరా?" అని ఆయన ప్రతి శనివారం అడిగేవాడు.

"ఇద్దరు లైక్ కొట్టిండ్రు సేటు."

"ఎవరు వాళ్ళు?"

"ఒకటి నాది. ఒకటి మన బిల్లింగ్ అమ్మాయిది."

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం దామరచర్ల దగ్గరి తండా నుంచి ఒకతను మిర్యాలగూడ షాపుకి వచ్చాడు. సెంట్రింగ్ పని చేస్తాడు. మూడు వారాల కిందట సేఫ్టీ బూట్లు తీసుకున్నాడు, తొడిగింది నేనే. ఇప్పుడు ఆ బూట్లు చేతిలో పట్టుకుని, మామూలు చెప్పులతో వచ్చాడు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపాడు. బొటనవేలి గోరు నల్లబడింది. చిటికెన వేలి పక్కన తోలు లేచిపోయి పచ్చిగా ఉంది.

"గివి ఇరుకున్నయని నేను అప్పుడే చెప్పిన కద సార్," అన్నాడు. "నాల్గు రోజులు ఏస్కుంటె అవే సర్దుకుంటయన్నవ్."

అన్నాను. అతనితోనే కాదు, వేలమందితో అన్నాను. నాకు పని నేర్పినవాళ్ళు నాతో అనిపించారు, నేను నేర్పినవాళ్ళతో నేను అనిపించాను. చెప్పుల దుకాణంలో అది రోజూ అనే మాట. కానీ తోలు సాగుతుంది, ఇనుము సాగదు. సేఫ్టీ బూటు ముందు భాగంలో ఉన్న రేకు నాలుగు రోజులకీ సర్దుకోదు, నాలుగేళ్ళకీ సర్దుకోదు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"మరి పనిలో ఎట్ల చేస్తున్నవ్?" అని అడిగాను.

"గేటు దాక ఏస్కోని పోత. లోపలికి పోంగనె ఇప్పేస్త. చెప్పులతోనే ఎక్కుత."

"కింద చువ్వలుంటయి కదా!"

"ఉంటయి. ఏం జేయాలె? పైసలు వాపస్ ఒద్దు సార్. జర ఎడల్పుది ఒక జత ఇయ్యి."

అరలన్నీ వెతికాను. కోదాడకి ఫోన్ చేశాను, సూర్యాపేటకి చేశాను. లేదు. మేము తెప్పించే జతలన్నీ ఒకే అచ్చు మీద, అంటే బూటు కుట్టే ఒకే కొయ్యపాదం మీద చేసినవి. సైజు పెంచితే పొడుగు పెరుగుతుంది, వెడల్పు పెద్దగా పెరగదు. అతను బూట్లు నా పక్కనే పెట్టేసి వెళ్ళిపోయాడు. కోపంగా ఒక్క మాట అని ఉన్నా నాకు కొంచెం తేలికయ్యేది.

అన్నం డబ్బా తెరవబుద్ధి కాలేదు. ఆ అచ్చుల గురించి, ఆ పాదాల గురించి నాలో నేనే గొణుక్కుంటున్నాను. బిల్లింగ్ అమ్మాయి కాసేపు వింది.

"సార్, ఇప్పుడు మాట్లాడుతున్నరు సూడుండ్రి, గిదే రాయుండ్రి. పోస్టర్లు ఒద్దు. మీరు చెప్పుండ్రి, నేను టైప్ చేస్త."

చెప్పాను. నేను చెప్పులమ్మే మనిషిననీ, 'సర్దుకుంటాయి' అన్నది నేను జీవితమంతా చెప్పిన అబద్ధమనీ చెప్పాను. మన దగ్గర చిన్నప్పుడు చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద తిరిగినవాళ్ళ పాదాలు ముందు వైపు విప్పారి ఉంటాయి, అవి లోపమున్న పాదాలు కావు, వాటికి తగ్గ అచ్చు ఎవరూ చేయడం లేదు అన్నాను. మీ దగ్గర పనిచేసేవాళ్ళు బూట్లు విప్పేస్తుంటే, జరిమానా వేసే ముందు ఒకసారి వాళ్ళ కాళ్ళు చూడండి అన్నాను. ఆమె తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో కూడా రాసింది. ఫొటో ఏం పెట్టాలంటే, వదిలేసిన ఆ బూట్ల జతనే పెట్టమన్నాను.

మర్నాడు ఆమె బస్సు దిగి షాపులోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సార్! ఫోన్ సూసిండ్రా?"

నేను చూడలేదు. నా ఫోను అప్పటికే ఠంగు ఠంగుమంటూ ఉంటే, ఏదో పాడైందనుకుని సొరుగులో పెట్టాను. తీసి చూస్తే ఎక్కడెక్కడివాళ్ళో రాస్తున్నారు. ఫ్యాక్టరీ ఇంజనీర్లు, గనుల్లో పనిచేసేవాళ్ళు, ఒక ఎముకల డాక్టరు, బూట్లు కుట్టే ఊళ్ళవాళ్ళు. 'నా కాలు కూడా అంతే' అని ఒకరు. 'మా నాన్న కూడా ఇలాగే విప్పేసేవాడు' అని మరొకరు. ఆమె ఒక్కొక్కటే చదువుతుంటే సేల్స్‌మన్‌లందరూ కౌంటరు చుట్టూ మూగారు. వచ్చిన కస్టమర్లు కూడా ఏమైందని నిలబడ్డారు. మామూలుగా నేను మాట్లాడితే కుర్చీలో ఉన్న ఒక్క మనిషే వింటాడు. అతనూ వినడు, అద్దం చూసుకుంటాడు.

అప్పుడే సేటు వచ్చాడు. ఆయనకి కూడా ఎవరో పంపారు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏందయ్యా గిది? మనం అబద్ధాలు చెప్తమని మన షాపు పేరు పెట్టి నువ్వే రాస్తివా?"

"సేటు, నేను చెప్పిన అని రాసిన. షాపు..."

"షాపు నీ పేరు కిందనే ఉన్నది కదా! తీసెయ్ దాన్ని. నువ్వు దాన్ని తీస్తవా, నేను నిన్ను తీయాల్నా?"

రిటైర్మెంటుకి ఇంకా నెలలే మిగిలిన మనిషిని. తీసేద్దామనే ఫోను చేతిలోకి తీసుకున్నాను, ఈ మాట దాచను. బిల్లింగ్ అమ్మాయి ఫోను నా చేతిలోంచి లాక్కుని సేటు ముందు పెట్టింది.

"సార్, తీసే ముందుగాల గిది ఒక్కటి సదువుండ్రి."

కోదాడకు ఇవతల కొత్తగా కడుతున్న ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు రాసింది. ఆమెది కోదాడే. నేను రాసింది చదివి, గేటు దగ్గర నిలబడి తన మనుషుల కాళ్ళు చూసిందట. ఈ మాటలు మా సైటుకొచ్చి చెప్పగలరా అని అడిగింది. కింద ఫోన్ నంబరిచ్చింది.

సేటు రెండుసార్లు చదివాడు. "ఎన్ని జతలట?" అన్నాడు.

"జతల సంగతి అడగలే సేటు. కాళ్ళ సంగతి అడిగింది."

ఆయన కౌంటరు మీద వేళ్ళతో కొట్టాడు. "పో. పోయి రా. కానీ మన పేరు ఖరాబ్ అయిందంటే మాత్రం మళ్ళ నాకు మొఖం సూపియ్యకు."

వెంటనే ఫోన్ చేశాను. ఆమె గొంతు ఖచ్చితంగా ఉంది. "జరిమానాలు వేశామండి, రెండ్రోజులు పని ఆపేశాం, అయినా వేసుకోరు. మొండితనం అనుకున్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళ బూట్లు చూశాను గానీ కాళ్ళు చూళ్ళేదు," అంది.

ఇక్కడే నేను మళ్ళీ తప్పు చేశాను. ఉత్సాహం తలకెక్కింది. "మేడమ్, మాకు మూడు బ్రాంచీలున్నయి. ఎవరి కాలుకైనా సరిపోయే జత వెతికిచ్చే పూచీ నాది," అన్నాను.

ఫోన్ పెట్టగానే బిల్లింగ్ అమ్మాయి నన్నే చూస్తోంది. "సార్, మన దగ్గర ఎడల్పువి లేవు కద?"

"అన్ని జతలు దించితే కొన్ని దొరుకుతయి లేమ్మా," అన్నాను. ముందు రోజే అబద్ధాల గురించి రాసినవాణ్ణి.

సైటువాళ్ళు పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు. నేను కుదరదన్నాను. పొద్దున పాదం వేరు, మధ్యాహ్నం పాదం వేరు. ఆరు గంటలు నిలబడి పనిచేశాక పాదం ఉబ్బుతుంది, బూటు కొలత అప్పుడే తీయాలి. పని టైములో మనుషుల్ని వదలడమేమిటని సైటు మేనేజరు గొడవపడ్డాడట. ఆ ఆఫీసరమ్మ ఎలా ఒప్పించిందో గానీ మూడు గంటలకి ఖాయం చేసింది.

ఆ రోజు సూర్యాపేట నుంచి ఒక ట్రాలీ ఆటో, మిర్యాలగూడ నుంచి ఇంకొకటి, సేఫ్టీ బూట్ల పెట్టెలన్నీ ఎత్తుకుని కోదాడ షాపు ముందు కలిశాయి. అక్కడి పెట్టెలు కూడా ఎక్కించి సైటుకి బయలుదేరాం. నేను, ముగ్గురు సేల్స్‌మన్‌లు, పట్టీ రాయడానికి బిల్లింగ్ అమ్మాయి. రేకుల షెడ్డు. పైన రెండు ఫ్యాన్లు వేడిగాలిని కిందికి తోస్తున్నాయి. బెంచీల మీద మన ఊళ్ళవాళ్ళు, బీహారువాళ్ళు, ఒడిశావాళ్ళు బూట్లు విప్పి కూర్చున్నారు. షెడ్డంతా సాక్సుల వాసన. నాకు అది పండుగలా ఉంది.

మొదటి మనిషి మేస్త్రీ. కాలు పలక మీద పెట్టించి కొలిచాను. ఎనిమిది తొడిగితే పక్కలు పట్టేసింది. తొమ్మిది తొడిగితే మడమ జారింది. పది తొడిగితే పడవలా ఉంది. రెండో మనిషి, మూడో మనిషి అంతే. నాలుగో మనిషికి సరిపోయింది, చప్పట్లు కొట్టారు. ఆ తరవాత చాలాసేపు ఎవరికీ సరిపోలేదు. తెరిచిన పెట్టెలు నా చుట్టూ గుట్టగా పడ్డాయి. చొక్కా వీపుకి అతుక్కుంది. గంట గడిచేసరికి బెంచీల మీద నవ్వులు మొదలయ్యాయి.

సైటు మేనేజరు చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏమయ్యాయండీ మీ మూడు బ్రాంచీలు?"

ఆఫీసరమ్మ నా వైపు చూసింది. ఆమె అందరినీ ఒప్పించి, పని ఆపించి, నా మాట మీద ఈ మనుషుల్ని ఇక్కడ కూర్చోబెట్టింది. పట్టీ పట్టుకున్న మా బిల్లింగ్ అమ్మాయి తల దించుకుంది.

నేను ఒక కుర్చీ లాక్కుని దాని మీదెక్కాను. ఎందుకెక్కానో తెలియదు, కింద నిలబడితే గొంతు రాదనిపించింది.

"మీల చానమందికి సరిపోయే జత నా దగ్గర లేదు," అన్నాను. "ఉన్నదని మేడమ్‌కు చెప్పింది నేనే. లేదని తెలిసి కూడ చెప్పిన. తప్పు నాది."

నవ్వులు ఆగాయి. బీహారు కుర్రాళ్ళకి పక్కవాళ్ళు హిందీలో చెబుతున్నారు.

"మీ కాళ్ళది తప్పు కాదు. బూటు చేసినోడు మీ కాలు చూడలే. ఆయనకు చూపిద్దాం. మేడమ్, ఆఫీసుల తెల్లకాయితాలు ఎన్నున్నయి?"

ఆమె గుమ్మం దగ్గరున్న అటెండరు వైపు తిరిగి గట్టిగా, "స్టోర్స్‌లో ఉన్న కట్టలన్నీ తీసుకురండి. పెన్సిళ్ళు కూడా," అంది.

అక్కడి నుంచి షెడ్డు షెడ్డంతా మారిపోయింది. కాగితం మీద పాదం పెట్టించి, పెన్సిలు నిలువుగా పట్టుకుని చుట్టూ గీత గీయాలి. రెండు పాదాలూ, ఎందుకంటే ఏ మనిషికీ రెండూ ఒకలా ఉండవు. పాదం మధ్య గుంట దగ్గరికి పెన్సిలు రాగానే బండలు మోసే మనుషులు చిన్నపిల్లల్లా గింజుకుని నవ్వారు. మొదటి మేస్త్రీ అయితే "అబ్బ, ఒద్దు సార్, చక్కిలిగిలి" అని బెంచీ మీద నుంచి పడబోయాడు. గీసిన కాగితాలు పట్టుకుని ఒకరి పాదాలు ఒకరు పోల్చుకున్నారు. ఎవరి పాదం వెడల్పో పందేలు వేసుకున్నారు. కాసేపటికి సైటు మేనేజరు కూడా బూటు విప్పి వరసలో నిలబడ్డాడు. బిల్లింగ్ అమ్మాయి ప్రతి కాగితం మీదా పేరు, చేసే పని, ఏ వేలు నొస్తోందో రాసింది. రాసి రాసి ఆమె చేయి పట్టేసింది.

సైరను మోగేసరికి అందరివీ అయిపోయాయి. షెడ్డు ఖాళీ అయింది. నేను, బిల్లింగ్ అమ్మాయి, ఆఫీసరమ్మ మిగిలాం. ఇంకా నాలుగు కాగితాలున్నాయి.

"మీది కూడ గీస్తనా మేడమ్?" అన్నాను, తమాషాకే.

ఆమె నవ్వలేదు. గుమ్మం వైపు చూసి, ఎవరూ లేరని చూసుకుని, బెంచీ మీద కూర్చుంది. బూటు లేసు విప్పింది. లోపల ఒకదాని మీద ఒకటి రెండు జతల సాక్సులు. బూటు తిరగేస్తే ముందు నుంచి దూది ఉండ రాలింది. అది మగవాళ్ళ ఆరో నంబరు, సేఫ్టీ బూట్లలో మామూలుగా దొరికే అన్నిటికన్నా చిన్న సైజు. ఆమె పాదం నాలుగు.

"ఆడవాళ్ళ సైజుల్లో రావన్నారండి," అంది. "ఈ ఉద్యోగంలో చేరి ఆరేళ్ళు. ఎవరికని చెప్పనండి? అందర్నీ బూట్లు వేసుకోమని అరిచేది నేనే కదా."

బిల్లింగ్ అమ్మాయి పెన్సిలు నా చేతిలోంచి తీసుకుంది. "మేడమ్ కాలు నేను గీస్త సార్," అని నేల మీద కూర్చుంది.

ఆ కాగితాల కట్టతో ఏం చేయాలో నాకు అప్పటికి తెలియదు. మళ్ళీ ఆ నెట్‌వర్కే దారి చూపింది. పేర్లు కనిపించకుండా గీతల ఫొటోలు పెట్టి, ఇలాంటి పాదాలకి అచ్చు చేసేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. తమిళనాడులోని ఆంబూరు నుంచి, బూట్ల అచ్చులు చెక్కి రిటైరైన ఒక పెద్దాయన రాశాడు. తన పాత ఫ్యాక్టరీలో వెడల్పు అచ్చులు మూలన పడి ఉన్నాయనీ, అడిగేవాళ్ళు లేక ఆపేశారనీ. ఆయనే వాళ్ళతో మాట్లాడాడు. నమూనా జతలు వచ్చిన రోజు మేస్త్రీని కోదాడ షాపుకి పిలిపించాను. తొడుక్కుని, రెండడుగులు వేసి, కాలి వైపు చూసుకుని, "ఏస్కున్నట్టే లేదు," అన్నాడు. ఆ సైటు ఆర్డరు మాకే వచ్చింది. సేటు ఆర్డరు కాగితం చదివి, జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివాడు.

తరవాత ఆఫీసరమ్మ అనుమతి తీసుకుని, ఆమె ఎవరో ఎక్కడో చెప్పకుండా, దూది ఉండ గురించి ఒక పోస్టు రాశాం. ఈసారి మాటలు మా బిల్లింగ్ అమ్మాయివే. దానికి వచ్చినట్టు మరి దేనికీ రాలేదు. క్రేను నడిపే ఆవిడ రాసింది. సర్వేయర్లు రాశారు. సబ్‌స్టేషన్లలో పనిచేసే ఆడవాళ్ళు రాశారు. అందరివీ అవే రెండు జతల సాక్సులు, అదే దూది. ఒకావిడ న్యూస్‌పేపరు కుక్కుకుంటానంది. మా బిల్లింగ్ అమ్మాయి బిల్లులు కొడుతూనే మధ్యమధ్య కేక వేసేది. "సార్, ఇంకొకామె! విశాఖపట్నం నుంచి! నాలుగో నంబరు ఉన్నదా అని అడుగుతున్నది!" కౌంటరు వెనక కూర్చున్న సేటు మొదట విననట్టు నటించేవాడు. తరవాత, "ఏమంట, ఏమంట?" అని ముందుకు వంగేవాడు.

దసరాకి ముందు ఆయన సూర్యాపేట వచ్చి, ఆరుగురినీ పిలిచి, మేడ మీది గోడౌను ఖాళీ చేయమన్నాడు. వాళ్ళ ముఖాలు పాలిపోయాయి.

"గట్ల సూస్తరేంది?" అన్నాడు. "పైన కొత్త సరుకు పెట్టాలె. ఇగ ఈ షాపుల పనిబూట్లే. మగోళ్ళవి, ఆడోళ్ళవి. మూసుడు గీసుడు ఏం లేదు."

మిమ్మల్ని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చేంత తెలివి నాకు లేదు. ఒక్కటే చెప్పగలను. ఆ నెట్‌వర్క్‌లో నేను అమ్మాలని రాసిన ప్రతిదీ మట్టి కొట్టుకుపోయింది. నా పనిలో నాకు నిజంగా తెలిసినదీ, నేను సిగ్గుపడుతున్నదీ రాసినప్పుడు మనుషులు వచ్చారు. మీ పనిలో మీకు తెలిసింది ఏమిటో మీకు ఇప్పుడు తెలియకపోవచ్చు. పక్కన కూర్చున్నవాళ్ళని అడగండి. మా బిల్లింగ్ అమ్మాయి చెప్పకపోతే నేను ఇంకా పోస్టర్లే పెడుతూ ఉండేవాణ్ణి. ఇప్పుడు ఆ వ్యవహారమంతా ఆమే చూస్తోంది, హోదా కూడా మారింది.

ఆడవాళ్ళ జతలు ఆంబూరు నుంచి వచ్చేసరికి నా రిటైర్మెంటుకి పది రోజులుంది. సూర్యాపేట షాపులో పెట్టెలు విప్పుతున్నాం. ఆఫీసరమ్మ కోదాడ నుంచి బస్సెక్కి వచ్చేసింది, జత అక్కడికే పంపిస్తామన్నా వినలేదు. నాలుగో నంబరు తీసి, ఆమె ముందు కూర్చుని, ఒక్క సాక్సు మీద తొడిగి, లేసు కట్టాను. ముందు భాగం వేలితో నొక్కి చూశాను. మడమ దగ్గర చూశాను.

"నడవండి మేడమ్," అన్నాను.

ఆమె అద్దం వైపు నడవలేదు. తిన్నగా గోడౌనుకి వెళ్ళే ఇనుప మెట్ల దగ్గరికి వెళ్ళింది. పైదాకా ఎక్కింది. పైన ఆగి, కిందికి చూసి, కమ్మీ పట్టుకోకుండా గబగబా దిగింది. మెట్లు ఖంగుఖంగుమని మోగాయి. చెప్పులు చూసుకుంటున్న కస్టమర్లందరూ తలలు తిప్పారు.

"ఆరేళ్ళ నుంచి మెట్లు దిగేటప్పుడు వేళ్ళు ముడుచుకుని దిగేదాన్నండి, బూటు జారకుండా," అంది రొప్పుతూ. "నేను నెమ్మదైన మనిషిననుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను."

"సరిపోయినయా మేడమ్?" అని అడిగింది బిల్లింగ్ అమ్మాయి.

ఆమె వెనక్కి తిరిగి, పైన పనేమీ లేకపోయినా, మళ్ళీ పరుగెత్తుతూ ఎక్కింది.